వచ్చే ఏడాది వచ్చే మెమరీ

పొయ్యక్కకు వంట అంతంతమాత్రం. ఆ పేరు ఆమెకు ఇంట్లోవాళ్ళు పెట్టింది కాదు, ఆఫీసులో పెట్టారు. కంప్యూటర్ మెమరీ చిప్పులు తయారుచేసే ఒక పెద్ద కంపెనీలో, రెండో అంతస్తు చివర, కిటికీ లేని గదిలో ఆమె పని. ఆ గదిలో బీరువాలంత ఎత్తున ఆరు ఓవెన్లు ఉండేవి. చిటికెనవేలి గోరంత చిప్పుల్ని పళ్ళేనికి అరవై చొప్పున పేర్చి, ఎనభై అయిదు డిగ్రీల వేడిలో వారాల తరబడి మగ్గబెట్టాలి. లోపల పెట్టేముందు ప్రతి చిప్పుకూ ఒక పాఠం ఎక్కించేది. బయటికి తీశాక ఆ పాఠం అప్పజెప్పించుకునేది. ఏది ఎంత మరిచిపోయిందో చూసి రిపోర్టు రాసేది. ఒక రకంగా బడిపంతులు ఉద్యోగమే. కాకపోతే ఈ విద్యార్థులు అల్లరి చేయరు, సాకులు చెప్పరు. సాకులు చెప్పేవాళ్ళు పై అంతస్తులో ఉండేవారు.

ఆమె ఉద్యోగంలో చేరిన ఏడే కంపెనీ తన కొత్త మెమరీని లోకానికి ప్రకటించింది. కంప్యూటర్లో మామూలుగా రెండు రకాల మెమరీ ఉంటుంది. ఒకటి మహా చురుకు, కానీ కరెంటు పోయిందంటే అంతా మరిచిపోతుంది. రెండోది దేన్నీ మరిచిపోదు, కానీ ఒక ముక్క రాసుకోవడానికి బోలెడు కరెంటు తాగుతుంది, బోలెడు సమయం తీసుకుంటుంది. చురుగ్గా ఉంటూ, చిటికెడు కరెంటుతో రాసుకుంటూ, దేన్నీ మరిచిపోని మెమరీని తాము కనిపెట్టామనీ, వచ్చే ఏడాదికల్లా అందరి చేతుల్లో ఉంటుందనీ కంపెనీ డైరెక్టరు టీవీలో చెప్పాడు.

ఆ ప్రసంగాన్ని పొయ్యక్క ఇంట్లో కూర్చునే చూసింది. భర్త దర్జీ. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. పని ఆపి, మెడలో టేపుతోనే వచ్చి నిలబడ్డాడు. అత్తగారు చేతిలో చొక్కా, నోట్లో దారంతో వచ్చి కూర్చుంది. గుండీలు కుట్టడం ఆవిడ వాటా.

"వీళ్ళేనా మీ కంపెనీ?" అంది అత్తగారు.

"వీళ్ళే అత్తయ్యా."

"ఆ కోటాయన పక్కన నువ్వు లేవే?"

"నేను చిప్పుల్ని వేయిస్తానంతే అత్తయ్యా. మాట్లాడటం వాళ్ళ పని."

దర్జీ కాసేపు చూసి, "వచ్చే ఏడాది అంటున్నాడు. నేనూ రోజూ జనానికి రేపు రమ్మనే చెబుతాను. నా రేపు నాలుగు రోజులకు వస్తుంది. ఈయన ఏడాది ఎన్నాళ్ళకు వస్తుందో" అని మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు.

అత్తగారు మాత్రం మర్నాడు పొద్దున్నే వీధి వీధంతా చెప్పి వచ్చింది, తన కోడలు మరుపన్నది లేని మెమరీ తయారుచేసిందని. అందులో కోడలి వాటా వేయించడం మాత్రమేనన్న సంగతి ఆవిడ చెప్పలేదు. కంపెనీ ప్రకటనలు రాసే విభాగంలో ఆవిడకు మంచి భవిష్యత్తు ఉండేది.

ఆ డైరెక్టరుకు కంపెనీలో 'త్వరలోగారు' అని పేరు. మనిషి చెడ్డవాడు కాదు. నెమ్మదస్తుడు, ఎదురుపడితే బంట్రోతునైనా తనే ముందు పలకరించేవాడు. అబద్ధం ఆడేవాడు కాదు. ఆడవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు, 'త్వరలో' అనే మాట ఉండగా.

మొదటి ఏడు వచ్చే ఏడాది అన్నారు. రెండో ఏడు వచ్చే ఏడాది చివరికల్లా అన్నారు. మూడో ఏడు మరో అడుగు ముందుకు వేసి, నమూనాలు ఎంపిక చేసిన భాగస్వాముల చేతికి అందాయి అన్నారు. ఆ భాగస్వాములు ఎవరో పొయ్యక్కకు తెలుసు. ఒకరు మూడో అంతస్తులో కూర్చునేవారు, ఇంకొకరు పక్క భవనంలో. పళ్ళెం స్వయంగా ఆమే మోసుకెళ్ళి ఇచ్చి, సంతకం పెట్టించుకుని వచ్చింది. దారిలో వాన పడితే చీర కొంగు కప్పింది. ఆ వార్త మర్నాడు పేపర్లో పడింది.

అసలు చిక్కు ఏమిటంటే, ఆ చిప్పులకు వేడి పడదు. చేతిలో పట్టుకుంటే బంగారంలా పనిచేసేవి. కంప్యూటర్ లోపలి వేడి తగిలేసరికి, చదివిందంతా పరీక్ష హాల్లో మరిచిపోయే కుర్రాళ్ళలా నీళ్ళు నమిలేవి. "ఎనభై అయిదు డిగ్రీల దగ్గర అరవైలో ఇరవై మూడు మరిచిపోయాయి" అని పొయ్యక్క రాసేది. ఆ కాగితం మెట్లెక్కుతూ ఉండగా దాని ఆరోగ్యం బాగుపడేది. విభాగం పెద్ద దాన్ని "అధిక సంఖ్యలో చిప్పులు తట్టుకున్నాయి" అని తిరగరాసేవాడు. ఆ పైవాడు "ఫలితాలు ఆశాజనకం" అనేవాడు. వేదిక ఎక్కేసరికి అది అద్భుతం అయిపోయేది. మరిచిపోయిన ఇరవై మూడింటినీ చిప్పులతో పాటు మనుషులు కూడా మరిచిపోయేవారు.

ఈలోగా పొయ్యక్కకు కూతురు పుట్టింది. పాకింది, నడిచింది, మాటలు నేర్చింది. ఒకనాడు అమ్మ ఎప్పుడొస్తుందని పక్కింటావిడ అడిగితే, ఆ పిల్ల చాలా గంభీరంగా "త్వరలో" అంది. ఆ మాట విని దర్జీ మిషను ఆపుకుని మరీ నవ్వాడు. పొయ్యక్కకు మాత్రం నవ్వు రాలేదు.

అయిదో ఏట వాటాదారులు సణిగారు. ఇంతకాలం మాటలే విన్నాం, కళ్ళతో చూడాలి అన్నారు. సరే, చూపిద్దాం అన్నారు త్వరలోగారు. పెద్ద హాలు మాట్లాడారు. వేదిక మీద ఒక కంప్యూటర్ పెట్టి, తెర మీద ఒక బొమ్మ వేసి, ప్లగ్గు పీకేసి, మళ్ళీ పెట్టగానే అదే బొమ్మ కనిపించాలి. అందుకు పనికొచ్చే చిప్పు ఏరి ఇవ్వమని కబురు పొయ్యక్కకు వచ్చింది.

ఆమె నూట ఎనభై చిప్పుల్ని పరీక్షించి ఒకదాన్ని ఏరింది. అప్పటికీ అనుమానమే. "సార్, వేదిక మీద లైట్లుంటాయి. ఆ వేడికి ఇది ఏం చేస్తుందో నేను హామీ ఇవ్వలేను" అని విభాగం పెద్దతో చెప్పింది.

ఆయన ఆలోచించాడు. లైట్లు తగ్గిద్దామంటే ఫోటోలు బాగా రావు. "హాలు చల్లబెడదాం" అన్నాడు.

హాలును ఎంత చల్లబెట్టారంటే, ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు కోటు గుండీలన్నీ పెట్టుకుని చేతులు చంకల్లో దాచుకున్నారు. పాపం, తమకోసమే ఇంత ఏర్పాటు చేశారనుకున్నారు. పొయ్యక్క వేదిక వెనక పరదా చాటున ఒక స్టూలు మీద, ఒళ్ళో ఐసు గడ్డల సంచీతో కూర్చుంది. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టేదాకా చిప్పు ఆ సంచీ పక్కనే ఉండాలని ఏర్పాటు. చిప్పు వైరు పరదా కింది నుంచి వేదిక మీది కంప్యూటర్లోకి వెళ్ళింది. త్వరలోగారు ప్లగ్గు పీకారు. తెర నల్లబడింది. మళ్ళీ పెట్టారు. బొమ్మ వచ్చింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సగం మంది చేతులు వెచ్చబడతాయని కూడా కొట్టి ఉంటారు.

జరిగినదాంట్లో అబద్ధం వెతికినా దొరకదు. చిప్పు నిజం, బొమ్మ నిజం, ప్లగ్గు నిజం. మిగతా నూట డెబ్భై తొమ్మిది చిప్పుల ఊసు ఎత్తలేదు, అంతే. ఐసు కరిగి పొయ్యక్క చీర తడిసింది. ఆ తడి చీరతోనే బస్సెక్కి ఇంటికి వెళ్ళింది. అత్తగారు ఎదురొచ్చి, "టీవీలో చూశాం అమ్మాయ్, ఏం చప్పట్లు, ఏం చప్పట్లు. నీ మొహమే చూపించలేదు" అంది.

ఆ ప్రదర్శనను చాలామంది చూశారు, మరిచిపోయారు. మరిచిపోనివాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన పూర్వం ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. తరవాత చిన్న కార్ఖానా పెట్టుకుని, ఆరుగురితో యంత్రాలు తయారుచేస్తున్నాడు. అందరూ ఫ్రిజ్ మాస్టారు అనేవారు. చిన్న చిన్న ఆస్పత్రుల్లో టీకాలు దాచే చల్లపెట్టెలు ఉంటాయి కదా, వాటి లోపల చల్లదనం ఎప్పుడు ఎంత ఉందో నిమిషనిమిషమూ రాసిపెట్టే యంత్రం ఒకటి చేయాలని ఆయన పట్టుదల. కరెంటు పోయి టీకాలు పాడైతే, పాడైనట్టు పైకి కనిపించదు. అందుకని రాసిపెట్టేది ఒకటి ఉండాలి. మామూలు మెమరీ పెడితే చల్లదనానికి బ్యాటరీ చచ్చి, రాసిందంతా పోతోంది. రెండో రకం పెడితే అది తాగే కరెంటుకు బ్యాటరీ నెల కూడా ఆగడం లేదు. ఏం చేయాలా అని తల పట్టుకున్నవాడికి టీవీలో త్వరలోగారు ప్లగ్గు పీకుతూ కనిపించారు.

ఆయన ఇంకేం ఆలోచించలేదు. ఆ చిప్పు కొలతలు కంపెనీ కాగితంలో ఉంటే, ఆ కొలతలకు సరిగ్గా చోటు వదిలి తన యంత్రం బోర్డు గీయించుకున్నాడు. వచ్చే ఏడాదే కదా అనుకున్నాడు.

తరవాత ఒకటో తారీకు వచ్చినప్పుడల్లా కంపెనీకి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ఆ ఫోను అమ్మకాల విభాగానికి వెళ్ళేది. వాళ్ళు ప్రచార విభాగానికి, వాళ్ళు ఉత్పత్తి విభాగానికి తిప్పేవారు. ఉత్పత్తి చేయడానికి ఏమీ లేదు గనక అక్కడ ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు. చివరికి ఆపరేటరు విసిగిపోయి, మోగగానే ఎత్తే మనిషి ఎవరా అని చూసి, రెండో అంతస్తు చివరి గదికి కలిపేసింది. అలా ఫ్రిజ్ మాస్టారు పొయ్యక్క నెత్తిన పడ్డాడు.

"మేడం, ఒకటో తారీకండి."

"చెప్పండి మాస్టారూ."

"మన చిప్పు సంగతి?"

ఫోను పక్కన గోడ మీద ప్రచార విభాగం అంటించిన కాగితం ఉండేది. బయటివాళ్ళు అడిగితే ఏం చెప్పవచ్చో అందులో మూడు వాక్యాలు ఉన్నాయి. పొయ్యక్క అందులో ఒకటి చదివేది. "పెద్దయెత్తున ఉత్పత్తికి సన్నాహాలు ముమ్మరంగా సాగుతున్నాయండి."

"పోయిన నెల కూడా ముమ్మరంగానే సాగాయి మేడం."

"ఇంకా ముమ్మరమయ్యాయండి."

ఆయన "సరేనండి. మళ్ళీ ఒకటో తారీకున చేస్తాను" అని పెట్టేసేవాడు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే పొయ్యక్కకు కాస్త హాయిగా ఉండేది.

రెండేళ్ళు అలా గడిచాయి. ఇరవై అయిదోసారి ఫోన్ రాలేదు, మనిషే వచ్చాడు. పొద్దున తొమ్మిదింటికి వచ్చి సందర్శకుల గదిలో కూర్చున్నాడు. ఎవరిని కలవాలి అని అడిగితే, "ఎవరైనా సరే" అన్నాడు. అలా వచ్చిన మనిషిని కలిసేవాళ్ళు ఆ కంపెనీలో ఎవరూ లేరు. పన్నెండు దాటాక ఆపరేటరు జాలిపడి పొయ్యక్కకు చెప్పింది.

ఆమె కిందికి వెళ్ళింది. గొంతును బట్టి ముసలాయన అనుకుంది గానీ, మనిషికి యాభై కూడా ఉండవు. చేతులకు మరకలు. ఒళ్ళో బట్టలో చుట్టిన పలక. ఆమెను చూడగానే లేచి నిలబడి ఆ పలక విప్పి బల్ల మీద పెట్టాడు. అరచేతంత బోర్డు. అన్నీ అమర్చి ఉన్నాయి, నడిమధ్యలో గోరంత నలుచదరం మాత్రం ఖాళీ. ఆ ఖాళీ చుట్టూ దుమ్ము కూడా లేదు, రోజూ తుడుస్తున్నట్టుంది.

"చూడండి మేడం, మిగతాదంతా రెండేళ్ళ కిందటే తయారు" అన్నాడు. "నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. వాళ్ళు రోజూ ఈ ఖాళీ చూసి నా మొహం చూస్తున్నారు. నేను మిమ్మల్ని ఏమీ అననండి. ఒక్క మాట చెప్పండి చాలు. వస్తుందా, రాదా? రాదంటే ఇంకో దారి చూసుకుంటాను."

గోడ మీది కాగితం ఆ గదిలో లేదు. ఉన్నా ఆమె చదివేది కాదేమో.

"నన్నడిగితే రాదు మాస్టారూ" అంది. "కంప్యూటర్లలో పెట్టుకోవడానికైతే రాదు. వేడికి మరిచిపోతోంది. ఏడేళ్ళుగా వేయిస్తున్నాను, నాకు తెలుసు. నేను చెప్పానని అనకండి."

ఆయన తల ఊపాడు. బోర్డు బట్టలో చుట్టబోయాడు. ఆ చుట్టడం చూస్తుంటే ఆమెకు ఏదో తట్టింది.

"ఆగండాగండి. మీ యంత్రం ఎక్కడుంటుందన్నారు? పెట్టె బయటా, లోపలా?"

"లోపలేనండి. టీకాల పక్కనే. నాలుగు డిగ్రీలు ఉంటుంది అక్కడ. కరెంటు పోయి ఎంత వేడెక్కినా ముప్ఫై, నలభై."

పొయ్యక్క ఏడేళ్ళలో ఆ చిప్పుల్ని ఎన్ని వేల గంటలు వేడిలో పెట్టిందో లెక్క చెప్పగలదు. చల్లగా ఉంటే ఎన్నాళ్ళు గుర్తుంచుకుంటాయో మాత్రం ఆమెకు తెలియదు. ఎవరూ అడగలేదు, ఆమె చూడలేదు. కంప్యూటర్లు వేడిగా ఉంటాయి గనక లోకమంతా వేడిగా ఉంటుందని అందరితో పాటు ఆమె కూడా అనుకుంది.

"మాస్టారూ, ఒక రెండు నెలలు ఆగగలరా?" అంది. అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన ఆమెవైపు చూసిన చూపు అలా ఉంది మరి. "మా కంపెనీ రెండు నెలలు కాదండి, నా రెండు నెలలు. వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి."

ఆమె గదిలో ఉన్నవన్నీ ఓవెన్లే, చల్లబెట్టే పెట్టె లేదు. కొనమని అడిగితే ఎందుకని అడుగుతారు. అంతస్తులో అందరూ పాలూ పళ్ళూ దాచుకునే ఫ్రిజ్ ఒకటి ఉంది. అందులో కింది అర ఖాళీ చేయించి, అరవై చిప్పుల పళ్ళెం పెట్టి, "తినేది కాదు, ముట్టుకోవద్దు" అని కాగితం అంటించింది. ఇంకో అరవైని నలభై డిగ్రీల దగ్గర ఒక ఓవెన్లో పెట్టింది. పాలపాకెట్టు పెట్టుకోవడానికి చోటు లేదని మూడు ఫిర్యాదులు వచ్చాయి. కంపెనీ చరిత్రలో ఆ మెమరీ మీద బయటివాళ్ళు, లోపలివాళ్ళు ఎవరైనా రాతపూర్వకంగా చేసిన మొదటి ఫిర్యాదులు అవే.

ఎనిమిది వారాల తరవాత తీసి పాఠం అప్పజెప్పించుకుంది. ఫ్రిజ్‌లోవి అరవైకి అరవై ఒక్క అంకె తప్పకుండా చెప్పాయి. నలభై డిగ్రీల దగ్గరివి యాభై తొమ్మిది చెప్పాయి. ఆమె నమ్మలేక మళ్ళీ అడిగింది. మళ్ళీ అలాగే చెప్పాయి. ఆ రోజు ఇంటికి వెళ్ళి, దర్జీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏమైంది, మళ్ళీ మరిచిపోయాయా?" అన్నాడు ఆయన.

"చల్లగా ఉన్నవి ఒక్కటీ మరిచిపోలేదండి."

"మరి ఆ మొహం ఏంటి?"

"ఇప్పుడు ఈ మాట పైవాళ్ళకు చెప్పాలి."

అది తేలిక పని కాదని ఆమెకు తెలుసు. చిప్పు పనిచేయడం లేదని చెబితే ఆ కంపెనీలో ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు. పనిచేస్తోందని చెప్పడంతోనే చిక్కు. విభాగం పెద్ద రిపోర్టు చదివి, "ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికా అమ్మా మనం ఏడేళ్ళు చెమటోడ్చింది?" అన్నాడు. ఆయన చెమటోడ్చగా పొయ్యక్క ఎన్నడూ చూడలేదు, కానీ ఆ మాట పైకి అనలేదు. ఆ రిపోర్టు ఈసారి మెట్లెక్కలేదు, సొరుగులో పడుకుంది. ఆమే మెట్లెక్కింది.

త్వరలోగారు ఎప్పటిలాగే లేచి నిలబడి కుర్చీ చూపించారు. కాఫీ తెప్పించారు. ఓపిగ్గా అంతా విన్నారు.

"ఎంత మంచి పని చేశావమ్మా" అన్నారు. "కానీ ఒక్క సంగతి ఆలోచించు. ఈ మెమరీ ప్రపంచాన్ని మార్చేస్తుందని ఏడేళ్ళుగా చెబుతున్నాను. ఫ్రిజ్‌లో కూర్చుంటుందని చెప్పలేదు."

"ప్రపంచంలో ఫ్రిజ్‌లు కూడా ఉన్నాయి కదండీ."

"ఉన్నాయి, ఉన్నాయి. కాదనను. కానీ చల్లగా ఉంటేనే పనిచేస్తుందని మనమే చెప్పుకుంటే, వేడిలో పనిచేయదని ఒప్పుకున్నట్టు కాదూ?"

"పనిచేయదు కదండీ."

"ఇంకా పనిచేయడం లేదు అందాం" అన్నారు ఆయన మృదువుగా. "నీ రిపోర్టు తప్పకుండా పరిశీలిస్తాం. త్వరలో."

అది విన్నాక పొయ్యక్క కాఫీ సగంలో వదిలేసి కిందికి వచ్చేసింది. సాయంత్రం ఫ్రిజ్ మాస్టారుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. చిప్పు మీకు పనికొస్తుంది, మావాళ్ళు అమ్మరు, అంది. ఆయన అవతల నవ్వాడు. రెండేళ్ళలో ఆయన నవ్వు వినడం అదే మొదటిసారి. "అయితే ఫరవాలేదు మేడం. ఇన్నాళ్ళూ అమ్ముతామన్నారు, చిప్పు లేదు. ఇప్పుడు చిప్పుంది, అమ్మం అంటున్నారు. కొంచెం దగ్గరికొచ్చాం" అన్నాడు.

మరో ఏడాదిన్నర దగ్గరిలోనే ఉండిపోయారు. ఈ మధ్యలో రెండు ప్రకటనలు, ఒక కొత్త పేరు, రంగుల్లో ఒక చిహ్నం వచ్చాయి. మెమరీ రాలేదు. పొయ్యక్క కూతురు రెండో తరగతికి వచ్చింది. అప్పుడు వాటాదారుల సభలో, వెనక వరసలో కూర్చున్న ఒక ముసలావిడ లేచి, మైకు పట్టుకుని, చాలా మర్యాదగా ఒకే ఒక ప్రశ్న అడిగింది: "ఇప్పటిదాకా ఇది ఒక్కరికైనా అమ్మారా నాయనా?"

దానికి 'త్వరలో' అని జవాబు చెప్పడం కుదరదు. 'అమ్మారా' అని అడిగింది ఆవిడ, 'అమ్ముతారా' అని కాదు. త్వరలోగారు నీళ్ళు తాగి, ఆ వివరాలు మూడు వారాల్లో అందజేస్తామని చెప్పి కూర్చున్నారు. మర్నాడు పొద్దున పొయ్యక్క గదిలో ఫోన్ మోగింది. తొమ్మిదేళ్ళలో ఆయన స్వయంగా ఆ గదికి ఫోన్ చేయడం అదే మొదలు.

"అమ్మా, ఆ ఫ్రిజ్ ఆయన నంబరు నీ దగ్గరుందా?"

తొమ్మిదేళ్ళుగా కానిది పదకొండు రోజుల్లో అయిపోయింది. కావలసినవి పన్నెండు వందల చిప్పులు. అన్నీ పొయ్యక్కే ఒక్కొక్కటీ పరీక్షించి చెప్పుల పెట్టెంత అట్టపెట్టెలో సర్దింది. "ఆరోగ్య రంగంలో విప్లవం, రవాణా మొదలు" అని ప్రకటన సిద్ధమైంది. త్వరలోగారు అట్టపెట్టె పట్టుకుని లారీ పక్కన నిలబడి ఉండగా ఫోటో తీయాలన్నారు. లారీ వచ్చింది, ఫోటోగ్రాఫరు వచ్చాడు, చిప్పులు లేవు. ఫ్రిజ్ మాస్టారు ఇంకెవరినీ నమ్మదలచుకోలేదు. తెల్లవారి గేటు తీయగానే స్కూటర్ మీద వచ్చి, సంతకం పెట్టి, పెట్టె కాళ్ళ మధ్య పెట్టుకుని వెళ్ళిపోయాడు. దాంతో ప్రచార విభాగంవాళ్ళు ఖాళీ పెట్టె ఒకటి వెతికి తెచ్చి ఫోటో కానిచ్చారు. బరువేమీ లేదు గనక ఆయన నవ్వు ఆ ఫోటోలో చాలా సహజంగా వచ్చింది.

ఆ నవ్వు ఆరకముందే, మూడు నెలలకే, కంపెనీ ఆ మెమరీని అటకెక్కించింది. దాని చోట, వేరే పదార్థంతో చేసిన మరో మెమరీని ప్రకటించింది. మునుపటిదానికన్నా వంద రెట్లు వేగమట. వచ్చే ఏడాదట. విభాగం పెద్ద గదికి వచ్చి, "ఓవెన్లు అలాగే ఉంటాయమ్మా. పళ్ళేల్లో సరుకు మారుతుంది, అంతే. నీ ఉద్యోగానికి ఏ ఢోకా లేదు" అన్నాడు. ఆయన దాన్ని శుభవార్తగానే చెప్పాడు.

అదే వారం ఫ్రిజ్ మాస్టారు మిగిలిన చిప్పులన్నీ తనకిచ్చేయమని వచ్చాడు. బీరువాల్లో నలభై వేల దాకా ఉన్నాయి. కంపెనీవాళ్ళు వాటిని చెత్త కింద జమకట్టారు గనక సంతోషంగా ఒప్పుకున్నారు. వెళ్ళేముందు ఆయన పొయ్యక్క గది గుమ్మంలో నిలబడ్డాడు.

"వీటిలో ఏది మంచిదో ఏది కాదో తేల్చేవాళ్ళు నా దగ్గర లేరు మేడం. మీరు వస్తారేమో అడుగుదామని. మాది చిన్న చోటు. ఓవెన్ ఒకటే ఉంది. కిటికీలు మాత్రం రెండున్నాయి."

ఆమె ఆలోచించి చెబుతానంది. ఇంట్లో ఆలోచన పెద్దగా సాగలేదు. అత్తగారు, "టీవీలో వచ్చే కంపెనీ వదిలి, ఫ్రిజ్‌లు బాగుచేసేవాడి దగ్గరికా?" అని నొచ్చుకుంది. దర్జీ కత్తెర పక్కన పెట్టి, "ఇన్నేళ్ళలో నువ్వు చేసిన వస్తువు ఏదైనా ఎవరైనా వాడగా చూశావా?" అని అడిగాడు.

"లేదండి."

"నేను రోజూ చూస్తాను. పోయిన నెల కుట్టిన చొక్కా వీధిలో ఎదురొస్తుంది. మెడ దగ్గర కొంచెం ముడత పడింది, నా తప్పే. అయినా బాగుంటుంది చూడటానికి" అన్నాడు.

ఆయన సాధారణంగా అన్ని మాటలు మాట్లాడడు. పొయ్యక్క మర్నాడు రాజీనామా ఇచ్చింది. తీసుకున్నందుకు రసీదు త్వరలో పంపుతామన్నారు.

ఫ్రిజ్ మాస్టారు కార్ఖానాలో ఆమె పని అదే పని, పాఠం చెప్పడం, అప్పజెప్పించుకోవడం. రిపోర్టు మాత్రం రెండు మాటలు, 'మంచిది' లేదా 'కాదు'. తిరగరాయడానికి మెట్లు లేవు. తయారైన యంత్రాలు వారానికి ముప్ఫై చొప్పున ఊళ్ళలోని ఆస్పత్రులకు వెళ్ళేవి. వాటి గురించి ఎవరూ ఎక్కడా ప్రకటించలేదు. ఫ్రిజ్ మాస్టారుకు ప్రకటనలంటే భయం పట్టుకుంది.

ఆరు నెలల తరవాత ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఎక్కడో చిన్న ఆస్పత్రిలో నర్సు. గొంతులో కంగారు.

"ఇదిగోనండి, మీ యంత్రం ఏదో ఎర్రలైటు చూపిస్తోంది. నొక్కితే, ఆదివారం పొద్దున్నుంచి సోమవారం పొద్దున దాకా పెట్టె వేడెక్కిందని వస్తోంది. మా కాపలాదారు కరెంటు పోలేదంటున్నాడు. పెట్టె ఇప్పుడు చల్లగానే ఉంది. బయట పిల్లల్ని ఎత్తుకుని తల్లులు కూర్చున్నారు. ఏది నమ్మమంటారు?"

"బ్యాటరీ ఉందా అందులో?"

"పాతది చచ్చిపోయిందని ఇవాళే కొత్తది వేశానండి. వేసినప్పటినుంచీ ఇదే చెబుతోంది."

పొయ్యక్క యంత్రం నంబరు అడిగి తన పుస్తకం తిరగేసింది. ఆ యంత్రంలోని చిప్పును తాను మూడుసార్లు పరీక్షించినట్టు రాసి ఉంది.

"అమ్మా, యంత్రాన్నే నమ్మండి. ఆ టీకాలు వేయకండి."

"అన్నీ పారేయాలా?"

"అన్నీ."

"కాపలాదారు ఆదివారం ఊళ్ళో లేనట్టున్నాడు లెండి, నాకూ అనుమానంగానే ఉంది" అంది నర్సు గొంతు తగ్గించి. "సరే. కొత్తవి శుక్రవారానికి తెప్పిస్తాను. వీళ్ళకు శుక్రవారం రమ్మని చెబుతాను."

ఆ మూడు రోజులూ పొయ్యక్క ఆ నంబరు చిప్పు గురించే ఆలోచించింది. తప్పు చెప్పి ఉంటే మంచి మందు పారబోయించినట్టు. శుక్రవారం పదింటికి ఉండబట్టలేక తనే ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక నర్సు ఎత్తింది. ఆదివారం పక్క వీధిలో తీగ తెగిందని కరెంటు ఆఫీసువాళ్ళు చెప్పారట.

"టీకాలు వచ్చాయా?" అంది పొయ్యక్క.

"వచ్చాయండి, వేస్తున్నాం" అంది నర్సు. ఆ తరవాత ఇంకా ఏదో అంది గానీ, వెనక పిల్లల ఏడుపుల్లో ఆ మాటలు వినబడలేదు.